ఏడు కోనలు, ఒక ఊక లారీ

ఆ ఆదివారం ఏ గంటకు ఏం జరగాలో గోపాల్ ముందురోజే పాత క్యాలెండరు కాగితం వెనక రాసి టికెట్ల గది గోడకు అంటించాడు. ఏడింటికి ఉప్మా. ఎనిమిదింటికి కొబ్బరికాయ. పదింటికి సినిమావాళ్లు వచ్చుట. పదిన్నరకు సినిమావాళ్లు ఎక్కుట. పదకొండింటికి సినిమావాళ్లు మెచ్చుకొనుట. పన్నెండింటికి భోజనం. మెచ్చుకొనుట కింద రెండు గీతలు కూడా గీశాడు. వీటన్నిటిలో రాసినట్టు జరిగింది ఉప్మా ఒక్కటే, అందులోనూ ఉప్పు తక్కువైంది.

మునగాల దాటి కోదాడ వైపు పోతుంటే హైవే పక్కన, వరి పొలాల మధ్య కనిపించేది గోపాల్ ఫన్ పార్కు. అందులో ఒక జెయింట్ వీల్, రెండు జారుడుబల్లలు, ఒక మిర్చి బజ్జీల బండి ఉన్నాయి. జనం ఎక్కువగా వచ్చేది బజ్జీల కోసమే. అన్నదమ్ములంతా బుద్ధిగా వరి పండించుకుంటుంటే గోపాల్‌కు మాత్రం లోకానికి ఏదైనా వింత చేసి చూపించాలని చిన్నప్పటి నుంచీ దురద. మొదట ఈము పక్షులు పెంచాడు. పక్షులు పెరిగాయి గానీ కొనేవాళ్లు పెరగలేదు. తర్వాత మంచు గది పెట్టాడు. ఏప్రిల్ నెలలో కరెంటు పోయి, మంచు చూద్దామని వచ్చినవాళ్లు చీలమండల లోతు నీళ్లలో నిలబడి వెళ్లిపోయారు. మూడోది ఈ పార్కు. పార్కులో చివరి ఆశ, ఇవాళ మొదలుపెట్టబోయే కొత్త ఆట.

ఆ ఆటకు మూలం ఒక సినిమా. రెండు నెలల కింద వచ్చిన 'ఏడు కోనలు' అనే సాహస చిత్రంలో హీరో నిధి కోసం కొండలోకి దూరతాడు. పాత గనిలో గొలుసు మీద కదిలే ఇనుప తొట్టెలో కూర్చుని, ఏడు చీకటి కోనలు దాటి, కొండ నోట్లోంచి బయటికి దూకుతాడు. గోపాల్ సూర్యాపేటలో ఆ సినిమా నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ హీరో దూకగానే లేచి వచ్చేశాడు. ఆట వదిలాక జనంలో పడితే స్టాండులోంచి బండి తీయడానికి అరగంట పడుతుందని అతని బెంగ. అందుకే ఇరవై ఏళ్లుగా అతను ఏ సినిమా చివరి పది నిమిషాలూ చూడలేదు. చివరికి హీరోయే గెలుస్తాడు, దానికోసం బండిని ఇరికించుకోవడం దేనికి అంటాడు.

సినిమా కంపెనీకి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పేరు, బొమ్మలు ఏడాదిపాటు వాడుకోవచ్చునట. కాకపోతే ఆదివారం తమ మనిషి ఒకరు వచ్చి ఎక్కి చూస్తారు, ప్రయాణం సినిమాలో ఉన్నట్టే అనిపిస్తే సంతకం పెడతారు, అనిపించకపోతే గోడ మీది పోస్టరు కూడా చింపేయాలి అని రాశారు. ఆ ఉత్తరం విన్నాక భార్య సత్యవతి తన షరతు కూడా చెప్పేసింది.

"ఇది ఆఖరుది. గా సంతకం పడ్డదా, ఇగ నీ ఇష్టం. పడలేదనుకో, సోమవారం నుంచి కోదాడల మా తమ్ముని దుకాణంల కూసుంటవ్."

తమ్ముడంటే శశిధర్. కోదాడ మెయిన్ రోడ్డు మీద ఎరువులు, పురుగుమందుల దుకాణం అతనిది. ఆ దుకాణంలో గోపాల్ ఒకసారి అరగంట కూర్చుని మూడు రోజులు తుమ్మాడు. బావ రేపోమాపో వస్తాడన్న నమ్మకంతో శశిధర్ అప్పుడే చోటు కూడా చూసి పెట్టాడు. యూరియా బస్తాలకూ గోడకూ మధ్య, ఫ్యాను గాలి సరిగ్గా రెండడుగుల దూరంలో ఆగిపోయే మూల. ఆ మూల తలుచుకుంటే గోపాల్‌కు అన్నం దిగేది కాదు. ఓడిపోవడం అతనికి కొత్త కాదు గానీ, ఓడిపోయి బావమరిది కళ్లెదుట కూర్చోవడం కొత్త.

ఆటను కట్టింది హన్మా. పెన్‌పహాడ్ దగ్గరి తండా మనిషి, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. వడ్లను కింది నుంచి పైకి మోసుకుపోయే ఎలివేటరు మోటారు చప్పుడు విని దాని జబ్బు చెప్పగలడు. మూతపడిన ఒక మిల్లు నుంచి పాత ఎలివేటరు తెచ్చి, వడ్ల బకెట్ల చోట ఇద్దరేసి మనుషులు పట్టే తొట్టెలు బిగించాడు. దాని చుట్టూ రేకులతో, టార్పాలిన్లతో కొండ కట్టాడు. కొండలో ఏడు చీకటి గదులు. గబ్బిలాలు పాత గొడుగుల గుడ్డతో, పాములు నీళ్ల పైపులతో చేసినవి. మూడో కోనలో పొలంలో మందుకొట్టే స్ప్రేయరుతో చల్లటి నీళ్ల జల్లు. అంతా తిరిగి బయటపడడానికి ఆరు నిమిషాలు.

హన్మా సినిమా చూడలేదు. గోపాల్ నోట కథ విన్నాడు, అదీ హీరో దూకేవరకే. తర్వాత ఏమవుతుందని అడిగితే, హీరోయే గెలుస్తాడన్నాడు గోపాల్. "సరే సేటు, ఆఖరు సంగతి నేను సూస్కుంటా," అని హన్మా ఊరుకున్నాడు. ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టాడు. కొత్త మిషన్‌లో మాల్ బయటికి పడే దిక్కును మొదటి లోడు పడేవరకు ఓనరు చూడకూడదట, దిష్టి. ఆ దిక్కున పెద్ద టార్పాలిన్ కట్టి, అటు ఎవరూ పోవద్దన్నాడు. మిల్లుల వాళ్ల నమ్మకం కదా అని గోపాల్ అటు తొంగి కూడా చూడలేదు. అక్కడ మెట్లూ అరుగూ ఉంటాయని తనకు తానే అనుకున్నాడు.

"మనుషులకు దెబ్బ తగులదు గదా హన్మన్నా?" అని మాత్రం ఒకటికి పదిసార్లు అడిగాడు.

"పదారు బస్తాల వడ్లు తోలి సూసిన సేటు. ఒక్క గింజ నూక కాలే," అన్నాడు హన్మా. రైసు మిల్లులో ఇంతకు మించిన ప్రమాణం లేదు.

ఆదివారం తొమ్మిదింటికల్లా శశిధర్ కారులో దిగాడు. మనిషి లావు, గొంతు ఇంకా లావు. బావను చూడగానే ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ.

"నీకోసమే బావా. నిన్ననే తెచ్చాను. చేతులు పెట్టుకోటానికి కూడా ఉన్నాయి చూడు."

"ఇంక సినిమావాళ్లు రానే లేదు శశీ."

"రానీ బావా, నేనేమన్నా వద్దన్నానా? కుర్చీ ఎక్కడికీ పోదులే."

గోపాల్ నవ్వినట్టు ముఖం పెట్టి భార్య వైపు తిరిగాడు. "ఎనక దిక్కు సాఫ్ చేయించమన్న గద, అయ్యిందా?"

"నిన్ననే చెప్పిన. పొద్దుగాల నుంచి పని నడుస్తనే ఉంది," అంది సత్యవతి. గోపాల్ ఇంకేమీ అడగలేదు. ఏం సాఫ్ చేస్తున్నారో, ఎవరు చేస్తున్నారో ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది.

పదింటికి గేటు ముందు తెల్లకారు ఆగింది. నల్లద్దాలు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతికి బంగారు కడియం ఉన్న యువకుడు దిగాడు. సినిమా మనిషి అని నుదుటి మీద రాసి లేదు గానీ, రాయాల్సిన అవసరం గోపాల్‌కు కనిపించలేదు. పరుగెత్తి బంతిపూల దండ వేసి, శాలువా కప్పి, చేతిలో కొబ్బరినీళ్ల బోండాం పెట్టాడు.

ఆ యువకుడి పేరు నిఖిల్. ఇటుక బట్టీలకు ఊక కొనిపెట్టే వ్యాపారం. ఏ మిల్లుకు పోయినా అతనికి ఇంతవరకు మంచినీళ్లు ఇచ్చినవాడు లేడు. ఈ సంగతి గోపాల్‌కు అప్పటికి తెలియదు. అతనికి తెలిసిందల్లా, వచ్చినాయన కొంచెం బిత్తరపోయినట్టు ఉన్నాడని.

"ఇంత మర్యాద ఎందుకన్నా? మాల్ ఎట్లుందో సూసుకొని పోత," అన్నాడు నిఖిల్.

"సూడకుంట ఎట్ల సార్? మీరు ఎక్కినంకనే మొదలు."

"ఎక్కుడెందుకు? జర చేయి పెట్టి సూస్తే తెలుస్తది."

"చేయి పెడితే ఏం తెలుస్తది సార్. మొత్తం మునగాలె."

నిఖిల్ బోండాం చేయి మార్చుకున్నాడు. "సరే. తడి ఉందా?"

గోపాల్ ముఖం వెలిగిపోయింది. "మూడో దగ్గర కొంచెం ఉంటది సార్. మిగతాదంత పొడిపొడిగనే."

"తడి ఉంటే నాకొద్దన్నా. మంట పట్టది."

సినిమాలో మంట ఎక్కడుందో గోపాల్‌కు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు. తను చూడని పది నిమిషాల్లో ఉందేమోనని అనుమానం వచ్చింది. మోటారు దగ్గర నిలబడ్డ హన్మా చెవిలో, "మూడో కోనల నీళ్లు బంద్ చెయ్. సారు మంట అడుగుతున్నడు," అన్నాడు.

"మంట వచ్చే నెల పెడదాం సేటు," అన్నాడు హన్మా తొణకకుండా. "ఊక పక్కన మంట మంచిది కాదు."

ఊక ఎక్కడుందో అడిగే తీరిక గోపాల్‌కు లేకపోయింది. అప్పటికే శశిధర్ వచ్చి, "ముందు సినిమా ఆయన పక్కన నేనే కూర్చుంటా బావా, ఆయన ఏమంటాడో నా చెవులతో నేను వినాలి," అని తొట్టెలో సగం పైగా నిండిపోయాడు. మిగిలిన చోట్లో నిఖిల్‌ను సర్దారు. మాల్ కొండ అవతల ఉందేమో, అక్కడికి తీసుకుపోయే బండి ఇదేమో అనుకుని నిఖిల్ దండతో, శాలువాతో, బోండాంతో సహా బుద్ధిగా కూర్చున్నాడు.

అదే సమయానికి, నూలు చీర కట్టుకున్న యాభై ఏళ్ల ఆవిడ ఒకరు బస్సు దిగి వచ్చి టికెట్ కొనుక్కుంది. సత్యవతి ఆమెను ఆపబోయింది. "జర ఆగమ్మా, మొదలు సినిమావాళ్లు ఎక్కుతున్నరు."

"అలాగా, ఎవరండీ సినిమావాళ్లు?"

"అగో, నల్లద్దాలాయన."

ఆవిడ నిఖిల్‌ను చూసి చిన్నగా నవ్వింది. "అయితే నేను ఆయన వెనకే ఎక్కుతాను. ఈ సంచీ కాస్త మీ దగ్గర ఉంచండి," అని రెండో తొట్టెలో కూర్చుంది. ఎనిమిదింటి కొబ్బరికాయ పదిన్నర దాటాక పగిలింది. హన్మా మోటారుకు దండం పెట్టి మీట నొక్కాడు. తొట్టెలు కిర్రుమంటూ కొండలోకి వెళ్లిపోయాయి.

మొదటి కోనలోంచి శశిధర్ కేక వినిపించింది. రెండో కోనలో ఇంకా గట్టిగా వినిపించింది. గోపాల్‌కు ఎన్నాళ్ల నుంచో లేని సుఖం ఒళ్లంతా పాకింది. ఆ సుఖంలోనే, ఊరికే, మాటవరుసకు అడిగాడు.

"హన్మన్నా, అవతల దిక్కు వాళ్లు దిగేటప్పుడు మిషన్ స్లో చేస్తవా, బంద్ చేస్తవా?"

"దిగుడేంది సేటు?" అన్నాడు హన్మా.

"దిగాలె గద."

"వడ్లు దిగుతయా? మీదికి పోయినంక తొట్టె దానంతటదే బోర్ల పడ్తది. రేకు మీద జారి కింద పడ్తరు."

గోపాల్ కొండ చివరికేసి చూశాడు. "కింద అంటే దేని మీద?"

"ఊక మీద. నిలువెత్తు కుప్ప పోయించిన. పదారు బస్తాలు దాని మీదనే పడ్డయ్. పొద్దుగాల తెల్లారంగ సూసొచ్చిన, మంచిగుంది."

గోపాల్ ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి బయటికి రాకముందే వెనక నుంచి సత్యవతి గొంతు వినబడింది.

"ఏ ఊక? ఎనకున్న ఊకేనా? గది ఇటుక బట్టీలోళ్లకు ఇచ్చేసిన. సాఫ్ చేయించమన్నవ్ గద."

కొండలోంచి శశిధర్ మూడో కేక వినిపించింది.

"మిషన్ బంద్ చెయ్," అన్నాడు గోపాల్.

"లోడ్ మీద మిషన్ బంద్ చేయొద్దు సేటు. పైకెక్కే దిక్కు బరువు, దిగే దిక్కు ఖాళీ. మోటారు ఆగిందంటే గొలుసు ఉల్టా తిరుగుతది, అందరు ఒక్కసారే కిందికొస్తరు. ముప్పై ఏళ్లల్ల ఏ మిల్లుల నేను గట్ల చేయలే." హన్మా గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడు నాలుగో కోనల ఉంటరు. ఇంక రెండున్నర నిమిషాలుంది."

గోపాల్ పరుగు తీశాడు. కొండ చుట్టూ తిరిగి టార్పాలిన్ లాగి చూస్తే, రెండు నిలువుల ఎత్తున రేకు గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దాని కింద చీపురుతో ఊడ్చి, కళ్లాపి చల్లిన గట్టి నేల. సత్యవతి ఏ పని చేయించినా శుభ్రంగా చేయిస్తుంది. నలభై అడుగుల అవతల, ఊక నిండిన లారీ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కూలీలు తట్టలు సర్దుకుని వెళ్లిపోతున్నారు. డ్రైవరు లక్ష్మయ్య పాటలు పెట్టుకుని బీడీ వెలిగించబోతున్నాడు.

"ఊక కింద పోయ్యి," అన్నాడు గోపాల్ రొప్పుతూ.

"ఇప్పుడే గద ఎత్తింది."

"ఎత్తింది పోయ్యి."

"మా సారు చెప్పకుంట ఒక్క తట్ట దింప."

"మీ సారెవరు?"

"నిఖిల్ సారు. నల్లద్దాలు పెట్టుకుంటడు. గీడికే వచ్చిండట గద."

దండ, శాలువా, బోండాం, తడి, మంట, అన్నీ ఒక్కసారిగా గోపాల్ కళ్ల ముందు తిరిగాయి. సినిమా మనిషి రానే లేదు. తను ముస్తాబు చేసి పైకి పంపింది ఊక మనిషిని. ఈ ఊక దింపాలంటే ఆ మనిషే చెప్పాలి, ఆ మనిషి ఇప్పుడు ఆరో కోనలో ఉన్నాడు. చెప్పడానికి కిందికి రావాలంటే ఊక కావాలి.

కష్టం వచ్చినప్పుడు గోపాల్ బుర్ర పనిచేస్తుంది. మామూలప్పుడే పనిచేయదు. "దింపకు. లారీనే ఎనకకు తియ్. గా గొట్టం కిందకు."

"ఎందుకు?"

"మీ సారు అండ్లకెల్లి పడ్తడు."

లక్ష్మయ్య బీడీ చేతిలో పట్టుకుని ఈ మనిషికి మతి ఉందా లేదా అన్నట్టు చూశాడు. అంతలో గొట్టంలోంచి, "అక్కో," అని ఒక లావుపాటి కేక మొదలై, దగ్గరకు రాసాగింది. లక్ష్మయ్య ఇంకే ప్రశ్నా వేయకుండా బీడీ పారేసి రివర్సు గేరు వేశాడు. లారీ వెనకభాగం గొట్టం కిందికి వచ్చిందో లేదో, శశిధర్ రేకు మీద జారి గాలిలోకి లేచి ఊకలో కూరుకుపోయాడు. అతని మీద నిఖిల్, నిఖిల్ మీద బోండాం పడ్డాయి. కాసేపటికి నూలు చీర ఆవిడ కూర్చున్నది కూర్చున్నట్టే వచ్చి పక్కన దిగబడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. గోపాల్ అక్కడే నేల మీద చతికిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాడు. అంతటితో అయిపోయేదే. కానీ నడుము వరకు ఊకలో దిగబడ్డ శశిధర్, తనను ఎవరైనా పైకి లాగమని, లారీ పక్క చెక్కను అరచేత్తో దబదబా రెండుసార్లు బాదాడు.

లారీ చెక్క మీద రెండు దెబ్బలంటే ఈ రోడ్డు మీద ఒక్కటే అర్థం. అంతా అయింది, పోనియ్. లక్ష్మయ్య పదిహేనేళ్లుగా ఆ రెండు దెబ్బలకు బండి కదిలించడం తప్ప వెనక్కి తిరిగి చూసినవాడు కాదు. సారు పడ్డాడు, దెబ్బలు పడ్డాయి, ఇంకా నిలబడడం దేనికి. పాట గట్టిగా పెట్టి, వెనక గేటు దాటి, హైవే ఎక్కి, కోదాడ దారి పట్టాడు. దుమ్ములో గోపాల్ అరుపులు అతనికి చేరలేదు.

హన్మా తన టీవీఎస్ బండి తెచ్చాడు. గోపాల్ వెనక ఎక్కాడు. దారిలో శశిధర్‌కు ఫోను చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. ఊకలో ఎక్కడో మోగుతున్న ఫోనును వెతకడం ఎంత కష్టమో తర్వాత శశిధర్ చాలాసార్లు చెప్పాడు. నిండు లారీ నలభై దాటదు, టీవీఎస్ కూడా నలభై దాటదు. రెండింటి మధ్య దూరం తగ్గకుండా, పెరగకుండా, మర్యాదగా ఉండిపోయింది. అప్పుడప్పుడు ఊక గాలికి లేచి వెనకున్నవాళ్ల కళ్లలో పడుతోంది. ఆ ఊకలోనే ఒక బంతిపువ్వు కూడా ఎగిరి వచ్చింది.

సగం దారిలో సత్యవతి ఫోను చేసింది. "ఏందయ్యా, టికెట్ కొన్నామె సంచీ పక్కకు పెడుతుంటే ఒక కాయితం జారి పడ్డది. సినిమా కంపెనీది. సంతకం పెట్టేతందుకు కింద జాగ గూడ ఇడిచిపెట్టిన్రు."

గోపాల్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇంటున్నవా? ఆమెనే నీ సినిమా మనిషి."

"ఇంటున్న," అన్నాడు గోపాల్. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. సినిమా మనిషికి కొబ్బరినీళ్లు ఇవ్వలేదు, దండ వేయలేదు, పైగా టికెట్ అమ్మి, పై నుంచి కింద పడేసి, లారీలో వేసి ఇటుక బట్టీకి పంపాడు. సోమవారం ఇంకెంతో దూరం లేదు. ఇప్పుడే ఎరువుల వాసన వస్తున్నట్టు అనిపించి ఒకసారి తుమ్మాడు.

"ఊక పడ్డదా సేటు?" అన్నాడు హన్మా.

"కాదన్నా, కుర్చీ గుర్తొచ్చింది."

కోదాడ మెయిన్ రోడ్డులో వచ్చిపోయే బండ్లు ఎక్కువై లారీ నెమ్మదించింది. సరిగ్గా తన దుకాణం ఎదురుగా వచ్చేసరికి శశిధర్‌కు ప్రాణం లేచివచ్చింది. ఊక మీద నిటారుగా లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "ఈదయ్యా, లారీ ఆపరా," అని అరిచాడు. ఈదయ్య దుకాణంలో బస్తాలు దించే ముసలాయన. తలెత్తి చూస్తే, లారీ మీద ఒళ్లంతా బంగారు రంగుతో మెరిసిపోతున్న పెద్ద ఆకారం, పక్కన దండ వేసుకున్న ఇంకో ఆకారం, మధ్యలో ప్రశాంతంగా కూర్చున్న అమ్మవారు కనిపించారు. ఏ ఊరి ఊరేగింపో అనుకుని చెప్పులు విడిచి రోడ్డు మధ్యకు వచ్చి సాగిలపడ్డాడు. లక్ష్మయ్య బ్రేకు వేయక తప్పలేదు.

టీవీఎస్ వచ్చి ఆగింది. గోపాల్ తల వంచుకుని లారీ దగ్గరకు నడిచాడు. హన్మా మాత్రం చక్రం మీదకెక్కి లోపలికి తొంగి చూసి, ముగ్గుర్నీ పైనుంచి కిందికి పరీక్షించి, "ఒక్కరు నూక కాలే," అన్నాడు.

నిఖిల్ నల్లద్దాలు తుడుచుకుని, గుప్పెడు ఊక అరచేతిలో నలిపి చూశాడు. "మాల్ మంచిగుందన్నా. తడి లేదు. కానీ సూపెట్టేతందుకు ఇంత కష్టపడాల్సిన పని లేకుండె."

నూలు చీర ఆవిడ నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి, ఆ నీళ్లకు బుగ్గల మీద ఊక అంటుకుంది. హన్మా చేయి పట్టుకుని కిందికి దిగి, "గోపాల్ గారు మీరేనా? నా పేరు శోభ. సినిమా కంపెనీ నుంచి వచ్చాను. ఆ సినిమాకు కథ రాసింది నేనే," అంది.

"మేడం, జరిగిందంత..." గోపాల్ చేతులు జోడించాడు.

"మీరు సినిమా ఎన్నిసార్లు చూశారు?"

"నాలుగుసార్లు మేడం."

"చూసినవాళ్లకే ఇది తడుతుంది. కొండలో తొట్టెలు, గబ్బిలాలు ఎవరైనా పెడతారు. కానీ హీరో కొండ నోట్లోంచి దూకి సరిగ్గా ఊక లారీలో పడడం, ఆ సంగతి డ్రైవరుకు తెలియకుండా లారీ ఊళ్లోకి రావడం, జనం దండాలు పెట్టడం, ఆ చివరి పది నిమిషాలూ తీసేద్దామని మా కంపెనీ అంతా నా మీద పడింది. ఒక్కదాన్నే పట్టుబట్టి ఉంచాను. ఆ పది నిమిషాలు కూడా కట్టిన మనిషి ఒకడు ఉంటాడనుకోలేదు."

గోపాల్ నోరు తెరిచాడు. నిజం చెప్పడానికే తెరిచాడు. కానీ హన్మా ముందుకొచ్చి, "అది మా మిల్లోళ్ల డిజైన్ మేడం, ఆఖరు సంగతి నేనే సూసుకున్న," అన్నాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. గోపాల్ నోరు మూసుకున్నాడు. ఆ క్షణాన అతనికి కలిగిన సంతోషానికి హన్మాను నడిరోడ్డు మీద కావలించుకునేవాడే, ఇద్దరి ఒంటి మీదా అంత ఊక లేకపోతే.

ఆటోలో సంచీ పట్టుకుని సత్యవతి వచ్చింది. శోభ దుకాణం బల్ల మీద కాగితం పరిచి సంతకానికి ముందు కలం ఆపింది. "ఒక్క షరతు. ఇవాళ ఎలా జరిగిందో ప్రతిసారీ అలాగే జరగాలి. లారీ కోదాడ దాకా రావాలి. ముందు తొట్టెలో ఈయన ఉండాలి," అని శశిధర్ వైపు చూపించింది. "భయపడినట్టు ఇంత బాగా అరిచే నటుణ్ని మా సినిమాలో కూడా పెట్టలేకపోయాం."

మీసాల్లోంచి ఊక ఏరుకుంటున్న శశిధర్ చేయి ఆగిపోయింది. మునగాల నుంచి కోదాడ దాకా బావను తిట్టడానికి అతను కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలియదు. "నటన అంటే మరీ అంత కాదండీ," అన్నాడు సిగ్గుపడుతూ. "కానీ ఐదో కోనలో ఇంకాస్త గట్టిగా అరవొచ్చు. ఇవాళ గొంతు సరిగ్గా లేదు."

సంతకం పడింది. సత్యవతి మొగుడి వైపు చూసి, పెళ్లైన ఇన్నేళ్లలో రెండోసారో మూడోసారో, మనసారా నవ్వింది. గోపాల్‌కు ఏడుపు వచ్చినంత పనైంది. ఈము పక్షులను కూడా క్షమించేసినట్టు అనిపించింది అతనికి. నవ్వు ముగించి సత్యవతి దుకాణం అంతా ఒకసారి కలియజూసింది.

"తమ్ముడు రోజంతా లారీల ఉంటే గీ దుకాణంల ఎవరు కూసుంటరు?"

ఈదయ్య యూరియా బస్తాల పక్కన ఉన్న ఎర్ర కుర్చీని తుండుగుడ్డతో దులిపాడు.

సోమవారం నుంచి శశిధర్ రోజుకు నాలుగుసార్లు కొండలోంచి పడుతున్నాడు. సూర్యాపేట నుంచి, మిర్యాలగూడ నుంచి జనం ఆ కేకలు వినడానికే వస్తున్నారు. ఊక నిఖిల్ ఇస్తున్నాడు, మిషన్ హన్మా చూసుకుంటున్నాడు, డబ్బులు సత్యవతి చూసుకుంటోంది. లోకానికి వింత చేసి చూపించిన గోపాల్ కోదాడలో ఎర్ర కుర్చీ మీద కూర్చుని, లారీ వచ్చినప్పుడల్లా బయటికి వచ్చి చూసి, మళ్లీ లోపలికి పోయి కూర్చుంటున్నాడు.

ఫ్యాను గాలి ఇప్పటికీ రెండడుగుల దూరంలోనే ఆగుతోంది.